డిసెంబర్ 31 రాత్రికి ఎన్ని కేకులు చేయాలి? నాన్న 650 అంటారు, నేను 900 అంటున్నా

కేకుల కొట్టు · 2024 డిసెంబర్ 4, రాత్రి 11:20

నమస్తే అందరికీ. మాది పశ్చిమ గోదావరిలో ఒక బేకరీ. ఊరి పేరు వద్దులే, మా కస్టమర్లు ఇక్కడ కూడా ఉంటారు. ఏడాదంతా రోజుకు 20, 25 కేకులు పోయే కొట్టు మాది, డిసెంబర్ 31 వస్తే మాత్రం షాపు ముందు షామియానా వేసి, సీరియల్ లైట్లు కట్టి, టేబుళ్ళ మీద కేకులు పేర్చి ఒక్క రాత్రిలో నెల అమ్మకం చేస్తాం. మీ ఊళ్ళోనూ ఇదే సీను అని తెలుసు.

ప్రతి ఏడాదీ ఎన్ని చేయాలి అన్న దగ్గర ఇంట్లో యుద్ధం. లెక్క ఇదీ, అన్నీ కేజీ కూల్ కేకులే. 2021లో 600 చేశాం, 540 పోయాయి. 2022లో 650 చేశాం, రాత్రి పదికే టేబుల్ ఖాళీ, పన్నెండు దాకా జనం వచ్చి తిరిగి వెళ్ళారు. ఆ కోపంతో 2023లో నేను పట్టుబట్టి 850 చేయించా, 690 పోయి 160 మిగిలాయి. అప్పటినుంచి నాన్న ఏ విషయంలోనూ నా మాట వినడం లేదు.

ఈసారి రేటు 420. సరుకు, డబ్బా, బోర్డు, ఆ రాత్రికి పెట్టుకునే కుర్రాళ్ళ కూలీ అంతా కలిపి కేక్‌కి 210 పడుతుంది. మిగిలినవి 2వ తేదీ నుంచి ముక్కలు కోసి పేస్ట్రీ కింద అమ్మితే కేక్‌కి ఓ 90 వెనక్కి వస్తుంది. నాన్న 650 అంటారు, ఎందుకంటే సగటు అంతే. నేను 900 అంటున్నా, ఎందుకంటే... నిజం చెప్పాలంటే పంతం. ఎవరైనా లెక్క ప్రకారం చెప్పగలరా?

కిరాణా కింగ్ · డిసెంబర్ 5, ఉదయం 6:45

తమ్ముడూ, ముప్పై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నా. లెక్కలతో వ్యాపారం చేసిన వాడిని చూడలేదు, చేతిలో పడితే తెలుస్తుంది. మీ నాన్న మాట విను. మిగిలిన సరుకు అప్పు లాంటిది, రాత్రి నిద్ర పట్టనివ్వదు.

రిటైర్డ్ లెక్కలు · డిసెంబర్ 5, ఉదయం 9:10

బాబూ, నీ ప్రశ్నకి ఒక పాత పేరుంది. పేపర్ బాయ్ సమస్య అంటాం. పొద్దున్నే ఎన్ని పేపర్లు తీసుకోవాలి? ఎక్కువైతే సాయంత్రానికి చిత్తు కాగితం, తక్కువైతే వచ్చిన బేరం పోతుంది. 1888లో ఆర్థికవేత్త ఎడ్జ్‌వర్త్ ఇదే ఆలోచనని బ్యాంకులో ఎంత నగదు ఉంచాలి అన్న ప్రశ్నకి వాడాడు. 1951లో యారో, హారిస్, మార్షాక్ సరుకు నిల్వల మీద రాసిన వ్యాసం తర్వాత ఇది మా సబ్జెక్టులో మొదటి పాఠాల్లో ఒకటైంది. నేను ఇరవై ఏళ్ళు ఆపరేషన్స్ రీసెర్చ్ (లెక్కలతో నిర్ణయాలు తీసుకునే శాస్త్రం) చెప్పాను, పిల్లలకి పేపర్ బాయ్ ఎక్కేవాడు కాదు, నీ కేకులు చెప్పి ఉంటే ఎక్కేవేమో.

సగటు గురించి మర్చిపో. రెండు అంకెలు చాలు. ఒక కేక్ తక్కువైతే పోయేది 420 − 210 = 210. ఒక కేక్ మిగిలితే పోయేది 210 − 90 = 120. ఇప్పుడు 210ని ఈ రెండిటి మొత్తం 330తో భాగించు, 0.636 వస్తుంది. దాని అర్థం ఏమిటంటే, నువ్వు చేసే సంఖ్య ఎలా ఉండాలంటే నూటికి 64 సార్లు గిరాకీ దానికి లోపే ఉండాలి, 36 సార్లు కొరత పడాలి. ప్రతి ఏడాదీ సరిపోయేలా చేయడం తెలివి కాదు, మూడేళ్ళకోసారి ఖాళీ టేబుల్ చూడటం కూడా మంచి వ్యాపారంలో భాగమే.

తక్కువైతే పోయేది, మిగిలితే పోయేది సమానమైనప్పుడే సగటు దగ్గర ఆగాలి. నీకు తక్కువైతేనే ఎక్కువ నష్టం కాబట్టి సగటు కంటే కొంచెం పైన ఆగాలి. కొంచెం అంటున్నా, 900 కాదు.

కేకుల కొట్టు · డిసెంబర్ 5, మధ్యాహ్నం 2:30

మాస్టారూ, సగటు 627 వస్తోంది. అంటే 650కి కాస్త అటూ ఇటూ. నాన్నే గెలిచినట్టా 😐

ఓరుగల్లు అమ్మాయి · డిసెంబర్ 5, మధ్యాహ్నం 3:05

ఆగండి ఆగండి. ఆ సగటే తప్పు. 2022లో 650 అమ్మారు, కానీ అడిగింది 650 మందే కాదు కదా, పదింటికి అయిపోయాయి అని మీరే రాశారు. అమ్మకం వేరు, గిరాకీ వేరు. సరుకు అయిపోయిన రోజు అమ్మకాన్ని గిరాకీ అనుకుంటే ప్రతి ఏడాదీ తక్కువ చేస్తూ పోతారు. నేను హైదరాబాద్‌లో ఒక సూపర్‌మార్కెట్ గొలుసుకి ఆర్డర్ల లెక్కలు చూస్తా (పేరు అడగొద్దు). మేం కొత్తగా చేరిన వాళ్ళకి మొదట నేర్పేది ఇదే. ఒక షాపులో పెరుగు రోజూ 40 ప్యాకెట్లే పోతోందని 40 పంపుతూనే ఉన్నారు, చూస్తే సాయంత్రం ఐదుకే అయిపోతోంది పెరుగు.

మీ దగ్గర బిల్లింగ్ మెషిన్ ఉందా? 2023 రాత్రి గంటగంటకీ ఎన్ని బిల్లులో చూడండి. ఆ ఏడాది కొరత లేదు కాబట్టి పదింటికల్లా మొత్తంలో ఎంత శాతం పోతుందో తెలుస్తుంది.

కేకుల కొట్టు · డిసెంబర్ 5, రాత్రి 10:50

తీశా. 2023లో రాత్రి పదింటికి 587 బిల్లులు, మొత్తం 690. (1వ తేదీ మధ్యాహ్నం దాకా పోయినవి కూడా ఇందులో ఉన్నాయి, 1 ఉదయం కూడా బానే పోతాయి.)

ఓరుగల్లు అమ్మాయి · డిసెంబర్ 5, రాత్రి 11:15

587 అంటే 690లో 85 శాతం. అదే తీరులో 2022లో పదింటికి 650 అయిపోయాయంటే మొత్తం గిరాకీ 650 ÷ 0.85, అంటే 765 దాకా. ఇప్పుడు మూడేళ్ళ గిరాకీ 540, 765, 690. సగటు 665. ఈ మూడూ సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చూస్తే, అదే స్టాండర్డ్ డీవియేషన్, 115 దగ్గర.

సగటుకి ఎన్ని డీవియేషన్లు పైన ఆగాలో చెప్పే పట్టిక ఉంది, నార్మల్ టేబుల్ అంటారు. 0.636కి ఆ టేబుల్‌లో 0.35 వస్తుంది. 665 + 0.35 × 115 = 705. ఎక్సెల్‌లో నార్మ్‌ఇన్వ్ ఫంక్షన్‌కి ఈ మూడు అంకెలు ఇస్తే అదే చెప్తుంది.

ఇంకో మాట. 2023లో మిగిలిన 160 కేకులకి 19,200 పోయింది, అది మీ నాన్నగారు కళ్ళారా చూశారు, ముక్కలు కోస్తూ నాలుగు రోజులు చూశారు. 2022లో తిరిగి వెళ్ళిన 115 మందికి ఇప్పటి లెక్కన 24,000 పైనే పోయింది, అది ఎవరికీ కనపడలేదు. మిగిలిన కేక్ ఫ్రిజ్‌లో కూర్చుని తిడుతుంది, పోయిన బేరం చప్పుడు చేయదు.

కిరాణా కింగ్ · డిసెంబర్ 6, ఉదయం 7:00

మూడేళ్ళ లెక్కతో అంతా తేల్చేశారు. మూడు! మా ఊళ్ళో జాతకం చెప్పేవాడు కూడా ఇంకో రెండు అడుగుతాడు.

రిటైర్డ్ లెక్కలు · డిసెంబర్ 6, ఉదయం 8:40

కింగ్ గారి అనుమానం సరైనదే. మూడు అంకెలనుంచి తీసిన 115ని నమ్మలేం. సరే, 130 అనుకుందాం. 665 + 0.35 × 130 అంటే 710. 115 అయితే 705, 130 అయితే 710, ఆ ఐదు కేకుల కోసం గొడవ దండగ. కొన్ని తప్పులు జవాబుని కదిలిస్తాయి, కొన్ని కదిలించవు. ఇక్కడ చెదురు తప్పుగా పట్టుకున్నా పెద్ద నష్టం లేదు. సగటు తప్పుగా పట్టుకుంటే ఉంది. ఎదురుగా కొత్త బేకరీ ఏమైనా వచ్చిందా?

కేకుల కొట్టు · డిసెంబర్ 6, మధ్యాహ్నం 1:15

2023 ఆగస్టులో వచ్చింది మాస్టారూ. అందుకే 690కి పడిపోయిందని నాన్న వాదన. పైగా ఆ ఏడాది రేటు 380 నుంచి 420 చేశాం. ఏది ఎంత దెబ్బ కొట్టిందో విడదీయలేకపోతున్నా.

అన్నట్టు రేటు సంగతి. ఈసారి 450 చేద్దామా అని కూడా ఉంది. క్రీమ్ రేటు పెరిగింది మరి.

ఊరికే చదివేవాడు · డిసెంబర్ 6, మధ్యాహ్నం 1:40

నేను లెక్కలు చూడటానికి వచ్చా, ఇప్పుడు బటర్‌స్కాచ్ ఆర్డర్ పెట్టా.

రిటైర్డ్ లెక్కలు · డిసెంబర్ 6, సాయంత్రం 5:30

విడదీయలేవు, రెండూ ఒకే ఏడాది జరిగాయి కాబట్టి. కానీ ప్రశ్నని తిరగేసి అడగొచ్చు. 420 దగ్గర కేక్ మీద నీకు మిగిలేది 210. 450 దగ్గర 240. 210ని 240తో భాగిస్తే 0.875. అంటే 30 రూపాయలు పెంచితే నూటికి పన్నెండున్నర మంది వెళ్ళిపోయినా నీకు వచ్చేది అంతే. 665లో అది 83 మంది. ఇప్పుడు నిన్ను నువ్వు అడుగు, 30 రూపాయలకి 83 మంది ఎదురు బేకరీకి వెళ్తారా? ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వాళ్ళ దగ్గర ఉంటుంది.

సరదాకి ఇంకోటి. రేటు సరుకు ఖర్చుకి రెండింతలు పెట్టావు. ధర ఒక శాతం పెరిగితే గిరాకీ రెండు శాతం తగ్గే బజారులోనే అది సరైన ధర. నీకు తెలియకుండానే ఆ అంకెని నమ్ముతున్నావన్న మాట.

ధర, సంఖ్య విడివిడిగా తేల్చేవి కావని కూడా గుర్తుంచుకో. 1955లోనే విటిన్ అనే ఆయన ఈ రెండిటినీ కలిపి చూడాలని రాశాడు. 450 చేస్తే గిరాకీ తగ్గుతుంది, కాబట్టి తక్కువ చేయాలి. అదే సమయంలో కొరత నష్టం 240 అవుతుంది కాబట్టి సగటు మీద ఇంకొంచెం ఎక్కువ చేయాలి. ఒకటి కిందికి, ఒకటి పైకి లాగుతుంది. సాధారణంగా మొదటిదే గెలుస్తుంది.

న్యూజెర్సీ చలి · డిసెంబర్ 6, రాత్రి 9:20

విమానాల టికెట్ రేట్ల దగ్గర పనిచేశా కొన్నాళ్ళు. రేటు ఒక్కటే ఎందుకు ఉండాలి? సాయంత్రం 400, తొమ్మిది తర్వాత 440, పదకొండు తర్వాత 480. మన రైల్వే కూడా 2016 సెప్టెంబర్‌లో రాజధాని, దురంతో, శతాబ్దిలకి ఇదే పెట్టింది కదా, ప్రతి పది శాతం బెర్తులు నిండినప్పుడల్లా పది శాతం పెంచుతూ ఒకటిన్నర రెట్ల దాకా.

కిరాణా కింగ్ · డిసెంబర్ 6, రాత్రి 9:45

న్యూజెర్సీ బాబూ, రైలు ఎక్కిన వాడు టీటీ ఇంటికి పక్క వీధిలో ఉండడు. ఇక్కడ తొమ్మిదిన్నరకి కొన్నవాడు, ఎనిమిదికి కొన్నవాడు ఒకే మేడ మీద ఉంటారు, కేక్ కోసేటప్పుడు రేటు మాట్లాడుకుంటారు. పొద్దున్నే వచ్చి నిలదీస్తారు. అది ఏ టేబుల్‌లోనూ ఉండదు.

కేకుల కొట్టు · డిసెంబర్ 6, రాత్రి 10:10

కింగ్ గారితో నూటికి నూరు. రేటు 420 దగ్గరే ఆపుతున్నా. పన్నెండు దాటాక మిగిలినవి 100 తగ్గించి ఇచ్చేస్తే?

చీరాల చీరలు · డిసెంబర్ 7, ఉదయం 11:00

తగ్గింపు గురించి మేం చెప్పాలి బాబూ, ఆషాఢం మా ఇంటి పండగ. పెళ్ళిళ్ళు ఉండని నెల కాబట్టి తగ్గింపు పెట్టి సరుకు కదిలించడం మొదలైంది. మొదట్లో లాభమే, ఎందుకంటే రేటు చూసి కొనే వాళ్ళు ఆషాఢంలో వచ్చేవారు, ముహూర్తం తరుముకొచ్చే పెళ్ళివాళ్ళు పూర్తి రేటుకి కొనేవారు. ఇప్పుడేమైంది? శ్రావణంలో పెళ్ళి పెట్టుకున్న వాళ్ళు ఆషాఢంలోనే వచ్చి పట్టుచీరలు కొనేసి వెళ్తున్నారు. వైశాఖంలో వచ్చిన ఆవిడ కూడా "ఆషాఢంలో ఎంతకిస్తారు" అంటుంది. తగ్గింపు ఎప్పుడొస్తుందో జనానికి ముందే తెలిస్తే అది తగ్గింపు కాదు, అదే రేటు.

నువ్వు పన్నెండు తర్వాత ఒక్కసారి తగ్గించు, వచ్చే ఏడాది పదకొండున్నరనుంచి ఎదురు రోడ్డు మీద బైకులాపుకుని ఎదురు చూస్తారు. ముక్కలు కోసి అమ్ముకో, మేలు.

ఓరుగల్లు అమ్మాయి · డిసెంబర్ 7, మధ్యాహ్నం 12:30

అక్క చెప్పింది కరెక్ట్. నేను వేరేది అడుగుతా. ముందే బుకింగ్ తీసుకుంటారా?

కేకుల కొట్టు · డిసెంబర్ 7, మధ్యాహ్నం 12:50

ఈ ఏడాది మొదలుపెడదామని ఉంది. 28 లోపు 100 అడ్వాన్స్ కడితే 20 రూపాయలు తగ్గింపు, 400కే. ఒక 250 మంది వస్తారని అంచనా.

ఓరుగల్లు అమ్మాయి · డిసెంబర్ 7, మధ్యాహ్నం 2:15

లెక్క వేశా, జాగ్రత్తగా వినండి. గిరాకీ ముందే తెలియకపోవడానికి కూడా ఒక ఖరీదు ఉంది. మీ అంకెలతో చెదురులో ఒక్కో కేక్‌కి 124 రూపాయలు (330ని నార్మల్ వంపు ఎత్తు 0.3755తో గుణిస్తే వస్తుంది). 115 చెదురుకి ఏటా సగటున 14,250 పోతున్నట్టు. 250 మంది ముందే పేరు రాయించుకుంటే ఆ చెదురు 115 నుంచి 80కి పడుతుందనుకుందాం, అప్పుడు పోయేది 9,900. ఆదా 4,300 చిల్లర.

కానీ 250 మందికి 20 చొప్పున తగ్గిస్తే పోయేది 5,000! వీళ్ళలో చాలామంది ఎలాగూ మీ దగ్గరే కొనేవాళ్ళు. కాబట్టి రేటు తగ్గించొద్దు. బుక్ చేసుకున్న వాళ్ళకి ఒక పార్టీ పాపర్ ఉచితం అనండి, హోల్‌సేల్‌లో ఎనిమిది రూపాయలు పడుతుంది, 250కి 2,000. అప్పుడు గిట్టుతుంది. పిల్లలు పాపర్ కోసమే నాన్నని బుక్ చేయమంటారు.

కేకుల కొట్టు · డిసెంబర్ 7, మధ్యాహ్నం 2:40

అక్కా, దండం. నేను 20 రూపాయల పాంప్లెట్ కొట్టించబోతున్నా రేపు.

రిటైర్డ్ లెక్కలు · డిసెంబర్ 7, సాయంత్రం 6:00

ఒకటి అడగడం మర్చిపోయాం. కేకులన్నీ ఒకటే రకమా? ఈసారి 31 మంగళవారం.

కేకుల కొట్టు · డిసెంబర్ 7, రాత్రి 8:30

అయ్యో అవును. మామూలుగా మూడో వంతు ఎగ్‌లెస్. 2022లో 31 శనివారం పడింది, ఎగ్‌లెస్ ఎనిమిదిన్నరకే అయిపోయింది. మంగళవారం ఆంజనేయస్వామి వారం, గుడ్డు ముట్టని వాళ్ళు చాలామంది మా వైపు. రకాలు బటర్‌స్కాచ్, పైనాపిల్, చాక్లెట్, బ్లాక్ ఫారెస్ట్.

ఓరుగల్లు అమ్మాయి · డిసెంబర్ 7, రాత్రి 9:30

అయితే అసలు కథ ఇక్కడుంది, మొత్తం సంఖ్య దగ్గర కాదు. రెండు విషయాలు.

ఒకటి, రకాల్ని చివరి నిమిషం దాకా తేల్చకండి. స్పాంజ్ ముందు రోజే చేసి పెట్టుకుంటారు కదా. వెనిలా స్పాంజ్ మీద క్రీమ్ ఎక్కించేటప్పుడే అది బటర్‌స్కాచో పైనాపిలో అయ్యేది. సగం తయారు చేసి టేబుల్ మీద పెట్టండి, మిగతావి లోపల ఉంచి మాస్టర్ ఏది పోతుంటే అది తయారు చేస్తూ ఉండాలి. ఒక్కో రకం అంచనా 40 తప్పుతుందనుకుంటే విడివిడిగా చేస్తే రెండు రకాలకి 80 అదనంగా ఉంచుకోవాలి, ఒకే స్పాంజ్‌తో నడిపితే 57 చాలు.

రెండు, ఎగ్‌లెస్ ఎవరికైనా అమ్మొచ్చు, గుడ్డు కేక్ అందరికీ అమ్మలేం. దారి ఒకవైపే తెరుచుకుని ఉంది. కాబట్టి అనుమానం ఉన్నప్పుడు ఎగ్‌లెస్ వైపే మొగ్గండి. ఖర్చు ఎంత తేడా?

కేకుల కొట్టు · డిసెంబర్ 7, రాత్రి 9:40

కేజీకి 15 ఎక్కువ.

ఓరుగల్లు అమ్మాయి · డిసెంబర్ 7, రాత్రి 9:42

15 రూపాయలకి 210 కాపాడుకోవచ్చు. 55 శాతం ఎగ్‌లెస్ చేయండి.

రిటైర్డ్ లెక్కలు · డిసెంబర్ 8, ఉదయం 7:50

అమ్మాయ్, ఆ 57 గురించి చిన్న సవరణ. రెండు రకాల గిరాకీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఊగితేనే 57. రోడ్డు మీద జనమే పలచగా ఉంటే బటర్‌స్కాచ్, పైనాపిల్ రెండూ కలిసే పడిపోతాయి, ఆ ఊపుని స్పాంజ్ కాపాడలేదు. జనం వచ్చి, ఏది అడుగుతారో తెలియని ఊపునే కాపాడుతుంది. అయినా నీ సలహా సలహానే.

కేకుల కొట్టు · డిసెంబర్ 14, రాత్రి 11:00

కొత్త చిక్కు వచ్చింది. పక్క టౌన్‌లో ఒక కాలేజీ హాస్టల్ వాళ్ళు 150 కేకులు కావాలంటున్నారు, 340కి. 31 మధ్యాహ్నం ఇవ్వాలి. మా కోల్డ్ రూమ్, ఫ్రిజ్‌లు, మాస్టర్ చేతులు అన్నీ కలిపినా 760 దాటి చేయలేం. నాన్న ఒప్పేసుకో అంటున్నారు. నాకేమో 420కి పోయేవి 340కి ఇవ్వడం ఏంటని.

న్యూజెర్సీ చలి · డిసెంబర్ 14, రాత్రి 11:50

ఇది నా ఏరియా! 1972లో లిటిల్‌వుడ్ అని బ్రిటిష్ ఓవర్సీస్ ఎయిర్‌వేస్‌లో పనిచేసే ఆయన చెప్పిన రూల్ ఉంది. తక్కువ రేటు ప్రయాణికుడు ముందే వస్తాడు, ఎక్కువ రేటు వాడు చివర్లో వస్తాడు. ఎన్ని సీట్లు ఎక్కువ రేటు వాడికోసం దాచాలి? మిగులు నిష్పత్తి చూడు: హాస్టల్ 130, కౌంటర్ 210. 130 ÷ 210 = 0.62. కౌంటర్ గిరాకీ ఒక సంఖ్య దాటే అవకాశం 62 శాతం ఉన్నంతవరకు దాచాలి. అది 630 దగ్గర వస్తుంది. 760లో 630 తీస్తే 130. హాస్టల్‌కి 130 ఇవ్వు, 150 కాదు.

ఓరుగల్లు అమ్మాయి · డిసెంబర్ 15, ఉదయం 8:15

అన్నా, సీటు ఖాళీగా పోతే ఖర్చేమీ కాదు. కేక్ మిగిలితే 120 పోతుంది! విమానం లెక్క ఇక్కడ అలాగే దించితే ఎలా?

కౌంటర్ కోసం ఇంకో కేక్ చేస్తే అది పోయే అవకాశం ఉన్నంత మేర 210 వస్తుంది, లేకపోతే 120 పోతుంది. ఇది హాస్టల్ ఇచ్చే ఖాయమైన 130కి సమానం కావాలంటే ఆ అవకాశం 76 శాతం ఉండాలి. అది 585 దగ్గర. 760లో 585 తీస్తే 175. అంటే 150 మొత్తం ఇచ్చేయొచ్చు, మీ నాన్నగారే కరెక్ట్.

న్యూజెర్సీ చలి · డిసెంబర్ 15, ఉదయం 9:00

ఒప్పుకుంటున్నా. సీట్లకి అలవాటు పడ్డ బుర్ర.

చీరాల చీరలు · డిసెంబర్ 15, ఉదయం 10:20

ఆగండమ్మా. కౌంటర్‌కి వచ్చినవాడు కేక్ ఒక్కటే కొంటాడా? కూల్ డ్రింక్, చిప్స్, కొవ్వొత్తులు? మా దగ్గర చీర మీద కంటే బ్లౌజు, ఫాల్స్ మీద మిగిలేది ఎక్కువ ఒక్కోసారి.

కేకుల కొట్టు · డిసెంబర్ 15, ఉదయం 10:45

అవును, మనిషికి ఓ 60 మిగులుతుంది వాటి మీద. హాస్టల్ వాళ్ళు కేకులే తీసుకుంటారు.

ఓరుగల్లు అమ్మాయి · డిసెంబర్ 15, ఉదయం 11:05

అక్కకి మొక్కాలి. అయితే కౌంటర్ మిగులు 270. మళ్ళీ వేస్తే కావాల్సిన అవకాశం 64 శాతం, సంఖ్య 623. హాస్టల్‌కి 137. న్యూజెర్సీ అన్న 130 అన్నాడు తప్పు దారిలో వెళ్ళి, మనం సరైన దారిలో తిరిగి తిరిగి దాదాపు అక్కడికే వచ్చాం 😂

కిరాణా కింగ్ · డిసెంబర్ 15, మధ్యాహ్నం 12:00

చూశారా, అందుకే నేను లెక్కలు వేయను. ముగ్గురు మూడు సంఖ్యలు చెప్పి మళ్ళీ మొదటికొచ్చారు.

రిటైర్డ్ లెక్కలు · డిసెంబర్ 15, మధ్యాహ్నం 12:40

కింగ్ గారూ, మూడు సంఖ్యలు మారింది లెక్క తప్పడం వల్ల కాదు, చివరిదాకా ఎవరూ కొవ్వొత్తుల సంగతి అడగకపోవడం వల్ల. మీరు చేతిలో పడితే తెలుస్తుంది అన్నది అదే, కొవ్వొత్తులు మీ చేతిలో ఉన్నాయి, మా కాగితం మీద లేవు.

బాబూ, ఇంకో పని చెయ్యి. కౌంటర్ దగ్గర ఒక కుర్రాడికి డబ్బా మూత, పెన్ను ఇవ్వు. ఏదైనా అయిపోయాక దాన్ని అడిగి వెళ్ళిపోయిన ప్రతి మనిషికీ ఒక గీత పెట్టమను. ఐదేసి గీతలు కట్టలు కట్టమను. బిల్లింగ్ మెషిన్ అమ్మినదే చెప్తుంది, అమ్మలేకపోయింది ఆ మూతే చెప్పాలి.

కిరాణా కింగ్ · డిసెంబర్ 15, మధ్యాహ్నం 1:30

సరే ఒకటి అడుగుతా, నా పనికొచ్చేది. ఆ డబ్బాలు ఎన్నేసి తెప్పిస్తావు తమ్ముడూ? నేను కవర్లు ఎక్కువ తెప్పించి గోడౌన్ నింపుతున్నానని మా ఇంట్లో గోల.

కేకుల కొట్టు · డిసెంబర్ 15, మధ్యాహ్నం 2:10

ఏడాదికి 9,000 పడతాయి కింగ్ గారూ. ఒక్కోటి 12. విజయవాడనుంచి 3,000 చొప్పున తెప్పిస్తాం, ఒక్కో ట్రిప్పుకి ఆటో, కూలీ 300.

రిటైర్డ్ లెక్కలు · డిసెంబర్ 15, సాయంత్రం 4:45

దీనికి 1913లోనే ఫోర్డ్ హారిస్ (ఇందాక చెప్పిన హారిస్ కాదు) సూత్రం రాశాడు. డబ్బు ఇరుక్కోవడం, చోటు, ఎలకలు అన్నీ కలిపి ఏడాదికి డబ్బా ధరలో 20 శాతం అనుకుంటే 2.40. రెండు ఇంతలు 9,000 ఇంతలు 300, దాన్ని 2.40తో భాగించి వర్గమూలం తీస్తే సరిగ్గా 1,500. నువ్వు దానికి రెండింతలు తెప్పిస్తున్నావు. ఎంత నష్టం? ఏటా 3,600 అయ్యేది 4,500 అవుతుంది, 900 తేడా. రెండింతలు తప్పినా నాలుగో వంతే పెరిగింది చూడు. 3,000 తీసుకుంటే డబ్బాకి అర్ధ రూపాయి తగ్గిస్తాడా? తగ్గిస్తే 4,500 ఆదా, అప్పుడు 3,000కే వెళ్ళు.

కిరాణా కింగ్ · డిసెంబర్ 15, సాయంత్రం 5:20

ఈ లెక్క నచ్చింది. మా ఆవిడకి చూపిస్తా.

కేకుల కొట్టు · డిసెంబర్ 16, రాత్రి 10:30

ఫైనల్: హాస్టల్‌కి 130, కౌంటర్‌కి 630. నాన్న ఒప్పుకున్నారు, ఆయన 650కి దగ్గరగా ఉంది కాబట్టి. పాపర్లు ఆర్డర్ ఇచ్చా. ఎగ్‌లెస్ 55 శాతం అంటే మాస్టర్ ససేమిరా అన్నాడు, గుడ్డు లేని స్పాంజ్ అంత ఎక్కువ చేస్తే అన్నీ ఒకలా పొంగవని. 45 దగ్గర రాజీ పడ్డాం.

ఓరుగల్లు అమ్మాయి · డిసెంబర్ 16, రాత్రి 10:45

45 తక్కువ. మంగళవారం. మళ్ళీ చెప్తున్నా.

కేకుల కొట్టు · 2025 జనవరి 2, సాయంత్రం 4:00

ఇప్పుడే నిద్ర లేచినట్టుంది. రిపోర్ట్.

హాస్టల్ 130 మధ్యాహ్నం మూడుకి వెళ్ళిపోయాయి, డబ్బులు వచ్చాయి. బుకింగ్ 250 అనుకున్నా, 212 వచ్చాయి. పాపర్ల కోసమే వచ్చిన పిల్లలు నిజంగానే ఉన్నారు. కౌంటర్ 630లో 589 పోయాయి, 41 మిగిలాయి. 41కి 41 గుడ్డు కేకులే. ఎగ్‌లెస్ 283 చేశాం, రాత్రి తొమ్మిదిన్నరకి ఒక్కటి లేదు. మాస్టర్ నా మొహం చూడలేదు ఆ తర్వాత.

ఓరుగల్లు అమ్మాయి · జనవరి 2, సాయంత్రం 4:10

నేనేమీ అనను.

రిటైర్డ్ లెక్కలు · జనవరి 2, సాయంత్రం 5:00

మూత?

కేకుల కొట్టు · జనవరి 2, సాయంత్రం 5:25

ఉంది మాస్టారూ. తొమ్మిదిన్నరనుంచి ఎగ్‌లెస్ అడిగి వెళ్ళిన వాళ్ళు 57 గీతలు. 589, 57 కలిపితే 646, మీ 665కి పెద్ద దూరం లేదు. ఎగ్‌లెస్ గిరాకీ ఒక్కటే 340, సగానికి పైనే. పన్నెండింటికి జనం అరుస్తుంటే కుర్రాడు పాపర్ పేల్చుకోకుండా గీతలే పెట్టాడు, వాడికి ఒక బటర్‌స్కాచ్ ఇచ్చి పంపించా, గుడ్డుదే అనుకోండి.

పొద్దున మూత చెత్తలో వేయబోతుంటే నాన్న తీసుకుని, వెనక తేదీ, వారం రాసి, గల్లాపెట్టెలో లక్ష్మీదేవి ఫోటో కింద పెట్టారు. 2025లో 31 ఏ వారమో క్యాలెండర్‌లో చూడమన్నారు. బుధవారం అని చెప్పా. "అయితే గుడ్డు తింటారు" అన్నారు, మళ్ళీ కాసేపాగి, "ఎంతమంది తింటారో గీతలు పెట్టించు" అన్నారు.

కిరాణా కింగ్ · జనవరి 2, రాత్రి 7:10

ఆ 41 ముక్కలు ఎంతకిస్తున్నావ్ తమ్ముడూ?